పాత మారుతి 800 అడుగు రేకు తుప్పు: కొత్తగా వెల్డింగ్ నేర్చుకుంటూ మీరే బాగుచేసుకోవడం ఎలా

మా ఇల్లు విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి నాలుగు వీధుల ఇవతల. డాబా మీద బట్టలకి పెట్టే క్లిప్పుల్లో స్ప్రింగు కూడా ఏడాది తిరక్కుండానే ఎర్రబడిపోయే చోటు ఇది. అలాంటి చోట నాన్నగారి 1998 మోడల్ మారుతి 800 ఇన్నేళ్ళూ బయటే నిలబడింది. ఒక వానాకాలంలో డ్రైవర్ పక్క సీటు దగ్గర మ్యాట్ తడిగా తగిలితే ఎత్తి చూశాను, కింద కార్పెట్ కూడా ఎత్తాను, అరచేయి పట్టేంత కన్నంలోంచి రోడ్డు కనబడింది. అప్పటికి వెల్డింగ్ టార్చి చేత్తో పట్టుకున్నవాణ్ణి కూడా కాదు. ఇప్పుడు ఆ కారుకి నేను వేసిన అతుకులు ఐదు ఉన్నాయి, నాలుగు వానాకాలాలు దాటాయి. మీ ఇంట్లోనూ ఇలాంటి కారు ఉండి, అమ్మబుద్ధి కాక, షెడ్డులో ఇస్తే ఏం చేస్తారో అని టెన్షన్ పడుతుంటే ఇది మీకోసమే.

ముందే ఒక మాట. ఈ పనిలో వెల్డింగ్ పావు వంతే. మిగతాదంతా విప్పడం, కోయడం, గీకడం, చివర్లో రంగు వేసి మూసేయడం. అతుకు ఎంత అందంగా వేసినా కింద తుప్పు వదిలేస్తే రెండో వానకి మళ్ళీ బయటికొస్తుంది. నేను మొట్టమొదట చేసిన తప్పు అదే. కన్నం చుట్టూ రేకు కొంచెం మందంగా కనబడిందని దాని మీదే ముక్క పెట్టి అతికించాను, తొమ్మిది నెలలకి అతుకు అతుకులాగే ఉంది, దాని చుట్టూ ఉన్న రేకు అప్పడంలా విరిగిపోయింది.

ఎక్కడ చేయొచ్చు, ఎక్కడ చేయకూడదు

ఒక పెద్ద స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి తీసుకుని కారు కిందా లోపలా మొత్తం తిరగండి. సుత్తి పిడితో తట్టుకుంటూ పోతే మంచి రేకు ఖంగున మోగుతుంది, కుళ్ళిన రేకు మొద్దుగా పలుకుతుంది, అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. రంగు ఉబ్బి పొక్కులా కనబడితే తుప్పు అవతలి వైపు నుంచి తినుకుంటూ వచ్చిందని అర్థం, కాబట్టి మీకు కనిపిస్తున్న మచ్చ కన్నా అసలు తుప్పు పెద్దదే ఉంటుంది. ముందు సీట్ల కింద కాళ్ళు పెట్టే చోటు, డిక్కీ అడుగు, బ్యాటరీ కింది ట్రే, తలుపుల కింది అంచు, వెనక చక్రాల పైన వంపు, తలుపుల కింద పొడుగ్గా ఉండే రన్నింగ్ బోర్డు, ఇవి చూడాల్సిన చోట్లు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేయదగ్గవి కాళ్ళ కింది రేకు, డిక్కీ అడుగు, బ్యాటరీ ట్రే. అంతే. షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు బిగించే చోట్లు, స్టీరింగ్ బాక్సు దగ్గర, సీటు బెల్టు బోల్టు పట్టే చోట, సీటు పట్టాల కింద, పొడుగు చాసిస్ మెంబర్ల మీద మొదటి ఏడాది చేయి పెట్టకండి. రన్నింగ్ బోర్డు కూడా కారు బలాన్ని మోసేదే, అది బాగా తినేసి ఉంటే అనుభవం ఉన్న టింకరింగ్ మేస్త్రీకి ఇవ్వండి. ఆటోనగర్‌లో ఇలాంటివి రోజూ చేసే చేతులున్నాయి. ప్రమాదం జరిగినప్పుడు లోపల కూర్చున్న మనిషిని కాపాడాల్సిన అతుకు మీద నేర్చుకోకూడదు. ఇంకోటి, చాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండర్ అస్సలు ఆనించకండి. పదిహేనేళ్ళు దాటిన కారుకి ఐదేళ్ళకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి కదా, అక్కడ ఆ నంబరు చూస్తారు.

నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో కోయక ముందే కనిపెట్టండి. నా కారులో ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు ఎండి పగిలింది, దానికితోడు బానెట్ వెనక అద్దం కింద నీళ్ళు పోయే కన్నం వేపాకులతో మూసుకుపోయింది. ఒకరు పైపుతో అద్దం మీద నీళ్ళు పోస్తుంటే ఇంకొకరు లోపల టార్చిలైటు పట్టుకుని కూర్చోవాలి. మా ఆవిడ కూర్చుంది, రెండు నిమిషాల్లో దొరికింది. ఏసీ ఉంటే దాని నీళ్ళ గొట్టం ఊడి లోపలికి కారుతోందేమో కూడా చూడండి.

కావలసినవి

మిగ్ వెల్డింగ్ మెషిన్ కావాలి, అంటే టార్చిలోంచి సన్న వైరు దానంతటదే బయటికొస్తూ కరిగి అతికే రకం. పుల్లతో చేసే ఆర్క్ వెల్డింగ్ గేట్లకీ గ్రిల్స్‌కీ బాగుంటుంది గానీ కారు రేకు మందం 0.7 నుంచి 0.9 మిల్లీమీటర్లే, కొత్త చేతిలో పుల్ల ఆనగానే కన్నం పడుతుంది. గ్యాస్ వెల్డింగ్‌తో పాత మేస్త్రీలు అద్భుతంగా చేస్తారు, కానీ ఆ వేడికి రేకు అలలు తేలుతుంది, దాన్ని సుత్తితో మళ్ళీ చదును చేయడం ఇంకో విద్య. ఇంట్లో ఏసీ ప్లగ్గు మీద నడిచే చిన్న ఇన్వర్టర్ మిగ్ సరిపోతుంది, ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం మందంగా ఉండాలి. వైరు 0.8 మి.మీ., దొరికితే 0.6 ఇంకా మంచిది. గ్యాస్ ఆర్గాన్, సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) కలిపినది అయితే చిమ్మడం తక్కువ, ఒట్టి సీఓటూతో కూడా పని జరుగుతుంది. గ్యాస్ లేకుండా నడిచే ఫ్లక్స్ వైరు కొన్నవాళ్ళు మెషిన్‌లో టార్చి, ఎర్త్ కనెక్షన్లు మార్చుకోవాలి. గ్యాస్‌తో వాడే మామూలు వైరుకి టార్చి పాజిటివ్, ఫ్లక్స్ వైరుకి టార్చి నెగటివ్. ఇది తెలియక చాలామంది మెషిన్ బాగోలేదనుకుంటారు.

రేకు 20 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటు అడగండి, అంటే దాదాపు 0.9 మి.మీ. మనది స్టీల్ ప్లాంట్ ఊరే కానీ అక్కడ తయారయ్యేవి కడ్డీలు, వైరు రాడ్లు, యాంగిళ్ళు, ఛానళ్ళు. కారుకి కావలసిన పల్చటి షీటు అక్కడిది కాదు, రేకుల దుకాణంలో విడిగా కొనాల్సిందే. జింకు పూత ఉన్న జీఐ రేకు చవగ్గా వస్తుందని దానితో మొదలుపెట్టకండి. జింకు కాలినప్పుడు వచ్చే తెల్లటి పొగ పీలిస్తే కొన్ని గంటలకి ఒళ్ళు నొప్పులు, చలిజ్వరం వస్తాయి.

నాలుగంగుళాల గ్రైండర్, 1 మి.మీ. కటింగ్ వీల్సు, 60, 80 నంబరు ఫ్లాప్ డిస్కులు (గరుకు కాగితం రెక్కలున్న గ్రైండర్ చక్రాలు), వైరు బ్రష్షు, రేకు కత్తెర, నాలుగైదు గ్రిప్ ప్లయర్లు, ఒక రాగి పలక. హెల్మెట్‌లో 10 లేదా 11 నంబరు చీకటి అద్దం. తోలు గ్లోవ్స్, బూట్లు, మందపాటి కాటన్ చొక్కా, నైలాన్ గుడ్డలు వద్దు. గ్రైండర్ పట్టినప్పుడు కళ్ళజోడు, ముక్కుకి మాస్కు. ఒక్క నిమిషమే కదా అని హెల్మెట్ లేకుండా చూస్తే ఆ రాత్రి కళ్ళల్లో ఇసుక పోసినట్టు మండుతుంది, తెల్లారేదాకా నిద్ర ఉండదు.

ముందు తుక్కు మీద

కారు దగ్గరికి వెళ్ళే ముందు అదే షీటులోంచి అరచేతి ముక్కలు ఇరవై ముప్పై కోసుకుని రెండేసి చొప్పున అంచులు కలిపి అతికించండి. ఆంపులు 40 నుంచి 60 మధ్య మొదలుపెట్టి, వైరు వేగం దానికి తగ్గట్టు మారుస్తూ పోండి. సెట్టింగ్ కుదిరినప్పుడు చప్పుడే చెబుతుంది, రేకుల షెడ్డు మీద వాన ఒకే జోరులో పడుతున్నట్టు ఆగకుండా చిటపటలాడుతుంది. టార్చి చేతిని వెనక్కి నెడుతున్నట్టుంటే వైరు ఎక్కువైందన్నమాట, వైరు చివర ఉండ కట్టి టప్‌మని రాలుతుంటే తక్కువైందన్నమాట. ఒక్కో చుక్క, అంటే బటన్ ఒకసారి నొక్కి వదిలితే పడే అతుకు, వేశాక రేకు తిప్పి వెనక చూడండి. వెనక చిన్న బొడిపె, దాని చుట్టూ నీలం రంగు వలయం ఉంటే లోపలిదాకా కరిగింది. వెనక ఏమీ లేకపోతే పైన ఎంత నున్నగా ఉన్నా అది ఊరికే అంటుకున్నదే. ముక్కని వైస్‌లో పెట్టి ప్లయరుతో వంచి విరవండి, అతుకు నిలబడి పక్క రేకు చిరగాలి. వరసగా పది ముక్కలు అలా చిరిగేదాకా నేను కారు ముట్టుకోలేదు, నాకు మూడు ఆదివారాలు పట్టింది.

మా వీధిలో షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరైన బాబాయ్ గారు ఒకాయన ఉన్నారు. రెండో ఆదివారం గేటు దగ్గర నిలబడి చూసి, లోపలికొచ్చి నా ముక్క అంచు మీద గోరుతో గీరి, "ముందు రేకు మెరవాలి బాబూ, నిప్పు తర్వాత" అన్నారు. అప్పటిదాకా రేకుకి ఉన్న నూనె పొర నేను తుడవనే లేదు.

విప్పడం

ఇక్కడ తొందర పడితే కారు కాలిపోతుంది, మాట వరసకి అనడం లేదు. పెట్రోల్ ట్యాంకు వెనక అడుగున ఉంటుంది, అక్కడి నుంచి ఇంజిన్‌కి పెట్రోల్ గొట్టం, బ్రేకు గొట్టాలు అడుగు రేకు కిందుగానే వెళతాయి. ట్యాంకు దగ్గర్లో పని ఉంటే ట్యాంకు దించేయాలి, దించి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకే కదా అనుకోకండి, నిండు ట్యాంకు కన్నా అందులో ఉండే ఆవిరి ఎక్కువ ప్రమాదం. ఎల్పీజీ లేదా సీఎన్‌జీ కిట్టు ఉన్న కారైతే ఆ సిలిండరు తీయించకుండా మొదలుపెట్టవద్దు. బ్యాటరీ తీసేయండి, ఆల్టర్నేటర్ వైర్లు విప్పండి. ముందు సీట్లు, కార్పెట్, దాని కింద జనపనార ఫెల్టు, రేకుకి అంటించి ఉండే నల్ల తారు ముక్కలు అన్నీ పోవాలి. తలుపు కింద అంచు వెంబడి వెళ్ళే వైర్ల కట్టని పక్కకి లాగి తడి గోనెసంచి కప్పండి.

ఫెల్టు మొత్తం తీశాననుకున్నాను గానీ ముందు సీట్ల మధ్య ఎత్తుగా ఉండే సెంటర్ టన్నెల్ పక్కన బెత్తెడు ముక్క ఉండిపోయింది. నాలుగో చుక్క వేసేసరికి సన్నగా పొగ. హెల్మెట్ వేసుకున్నవాడికి ఆ పొగ కనబడదు, పక్కన నిలబడ్డ మా తమ్ముడు చూసి అరిచాడు. బకెట్టు నీళ్ళు చేతికందేంత దూరంలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. అందుకే ఒంటరిగా చేయకండి, ఫైర్ ఎక్స్‌టింగ్విషరు, తడి గోనెసంచులు, బకెట్టు నీళ్ళు పక్కనుండాలి, ఆఖరి చుక్క వేశాక గంటసేపు కారు దగ్గర్నుంచి కదలకండి.

కారు ఎత్తితే జాకీ మీద నమ్మి కింద దూరవద్దు, స్టాండ్లు పెట్టండి. ఇంకా ముందు, అడుగంతా మంచినీళ్ళతో ప్రెషర్ పెట్టి కడిగి ఆరబెట్టండి. మన ఊళ్ళో తుప్పు లోపల ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు పోకుండా పైన ఏ రంగు వేసినా అది గాలిలోని తేమని లాక్కుంటూ కింద పని చేసుకుపోతూనే ఉంటుంది.

కోయడం, ముక్క తయారు చేయడం

వైరు బ్రష్షుతో కన్నం చుట్టూ గీకుతూ పోండి, కన్నం పెరుగుతుంది, పెరగనివ్వండి. గుండె ఆగినంత పనవుతుంది గానీ అది ఇప్పుడు పెరిగింది కాదు, ముందే పోయిన రేకు. గట్టిగా మెరిసే రేకు తగిలాక ఇంకో 2 సెంటీమీటర్లు బయటికి మార్కరుతో గీత గీయండి, మూలలు గుండ్రంగా ఉండాలి, పలకగా కోస్తే వేడికి మూల దగ్గరే పగులుతుంది. గీత వెనక ఏ గొట్టం, ఏ వైరు ఉందో కింద దూరి ఒకసారి చేత్తో తడిమి చూసి అప్పుడు కటింగ్ వీల్ పెట్టండి. అరచేతి కన్నం నాకు జానెడున్నర అయింది.

కొలతకి శుభలేఖ అట్ట వాడండి. పాత పెళ్ళి శుభలేఖలు ప్రతి ఇంట్లో ఉంటాయి, వంచితే వంగుతుంది, వదిలితే అదే ఆకారంలో నిలుస్తుంది. కన్నం మీద పెట్టి కింద నుంచి పెన్సిల్‌తో అంచు గీసి కత్తిరించి, సరిగ్గా కూర్చునేదాకా సరిచేసుకుని, అప్పుడు ఆ అట్టని రేకు మీద పెట్టి గీయండి. అడుగు రేకులో గట్టితనం కోసం గాడులు ఉంటాయి. గాడి దగ్గర ముక్కని చెక్క దిమ్మ మీద పెట్టి గుండ్రటి కడ్డీతో కొడుతూ వంపు తెచ్చుకోవాలి, దీనికి ఓపిక కావాలి, ఒక ముక్క నేను మూడుసార్లు చేశాను. ముక్కకీ కారు రేకుకీ మధ్య సందు వైరు మందం అంత, అంటే 0.8 మి.మీ. దగ్గర ఉంటే చాలు. సందు రెండు మిల్లీమీటర్లు దాటితే నింపుదామని చూడకండి, కొత్త ముక్క కోసుకోండి. కొత్త చేతికి సందు లేకుండా అంచు మీద అంచు వేసి అతికించడమే సులువు, అడుగు రేకుకి అది తప్పేమీ కాదు, కానీ ఆ రెండు రేకుల మధ్య తేమ దూరుతుంది కాబట్టి మధ్యలో వెల్డింగ్‌కి తట్టుకునే జింక్ ప్రైమర్ పూయాలి, తర్వాత రెండు వైపులా సీలెంట్ తప్పదు.

ముక్కకీ కన్నానికీ చుట్టూ రెండు వైపులా వేలెడు వెడల్పున రంగు, తుప్పు, తారు ఏమీ లేకుండా మెరిసేలా ఫ్లాప్ డిస్కు పట్టండి, అంచు మీద అంచు వేసినచోట మాత్రం ఆ జింక్ ప్రైమర్ ఉండనివ్వండి. జిడ్డు తుడవడానికి బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడకండి. వాటిలో క్లోరిన్ రసాయనం ఉన్న రకాలుంటాయి, అది ఆర్క్ వెలుగు తగిలితే ప్రాణాంతకమైన విషవాయువుగా మారుతుంది. కొంచెం థిన్నర్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ గుడ్డనీ డబ్బానీ పని చోటు నుంచి బయట పడేయండి.

అతకడం

పొద్దున్నే మొదలుపెట్టండి. మధ్యాహ్నానికి సముద్రం మీద నుంచి గాలి లేస్తుంది, ఒంటికి హాయిగానే ఉంటుంది గానీ టార్చి చుట్టూ ఉండాల్సిన గ్యాస్‌ని ఎగరగొట్టేస్తుంది, అతుకు రవ్వ ఇడ్లీలా కన్నాలు కన్నాలుగా వస్తుంది. నేను సెట్టింగ్ తప్పని గంటసేపు మెషిన్‌తో కుస్తీ పట్టాను, చివరికి రెండు పాత తలుపులు అడ్డం పెడితే సరిపోయింది. ఫ్యాను కూడా అతుకు మీదికి తిప్పకండి, అలాగని గది మూసేసీ చేయకండి.

ఎర్త్ క్లాంపు పని జరిగే చోటుకి జానెడు దూరంలో, మెరిసే రేకు మీద పట్టాలి. ముక్కని గ్రిప్ ప్లయర్లతో బిగించి నాలుగు వైపులా నాలుగు చుక్కలు వేయండి. టార్చి మూతి నుంచి వైరు చిటికెన వేలి గోరంత, అంటే ఓ సెంటీమీటరు బయటికుంటే చాలు. బటన్ నొక్కి ఒక సెకను, వదిలేయండి. నిప్పు మెరిసి ఎర్రటి చుక్క చల్లబడి బూడిదరంగుకి వస్తుంది, అది చూసి అవతలి వైపుకి వెళ్ళండి. ఒక చుక్క ఇటు, ఒకటి ఎదురుగా, ఒకటి పైన, ఒకటి కింద, ఇలా తిరుగుతూ అంగుళానికి ఒకటి చొప్పున చుట్టూ పూర్తి చేయాలి. తర్వాత ఆ చుక్కల మధ్య మళ్ళీ ఒక్కొక్కటీ, అదీ పక్కపక్కన కాకుండా. ముక్క మీద అరచేయి పెట్టి ఉంచగలిగితేనే తర్వాతి చుక్క. గీతలా లాగాలని చేయి పీకుతుంది, అప్పుడే రేకు వంగిపోయేది. జానెడున్నర ముక్క చుట్టూ పూర్తవడానికి నాకు ఒక పూటంతా పట్టింది.

కన్నం పడితే కంగారు పడకండి, అక్కడే మళ్ళీ మళ్ళీ నొక్కకండి. చల్లారనిచ్చి, వెనక రాగి పలక గట్టిగా ఆనించి పట్టుకుని అంచు నుంచి లోపలికి చుక్క మీద చుక్క వేయండి. వెల్డు రాగికి అంటుకోదు, వేడిని అదే లాగేసుకుంటుంది. ఎక్కడ పదేపదే కన్నం పడుతోందో అక్కడ రేకు పల్చబడి ఉందన్నమాట, ఇంకాస్త కోయాల్సింది మిగిలిందనే అర్థం.

పూర్తయ్యాక బొడిపెలు మాత్రమే ఫ్లాప్ డిస్కుతో తీసేయండి, నున్నగా రావాలని పక్క రేకు అరగదీయకండి. చీకటి పడ్డాక కింద బల్బు పెట్టి లోపల నుంచి చూడండి, సూదిమొన కన్నం ఉన్నా నక్షత్రంలా కనిపిస్తుంది, సున్నంతో గుర్తు పెట్టుకుని మర్నాడు మళ్ళీ మెరిసేదాకా గీకి చుక్క వేయండి.

మూసేయడం

గీకి మెరిపించిన రేకుని మన ఊళ్ళో రాత్రంతా అలా వదిలేయకూడదు. సాయంత్రం వెండిలా ఉన్నది పొద్దున్నకి పసుపు పూసినట్టు ఉంటుంది. ఆ రోజు అతికినది ఆ రోజే ప్రైమర్ వేయండి. మామూలు రెడ్ ఆక్సైడ్ కన్నా రెండు భాగాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్ ఎక్కువ కాలం నిలుస్తుంది, తేమని లోపలికి రానివ్వదు. పైనా కిందా రెండు పూతలు. అది ఆరాక అతుకు వెంబడి పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ వేలితో ఒత్తి పూయండి, దాని మీద రంగు, అడుగు వైపు అండర్‌బాడీ కోటింగ్. కోటింగ్ అన్నిటికన్నా చివరిది. తుప్పు మీద నేరుగా నల్ల తారు కొట్టి ఇచ్చేవాళ్ళున్నారు, నా కారుకి నాకంటే ముందు ఒక షెడ్డులో అలాగే చేశారు, తారు పైకి నిగనిగలాడుతూనే ఉంది, దాని కింద రేకు లేదు. పుట్టీతో కన్నం పూడ్చడం కూడా అంతే, పుట్టీ తేమని పీల్చుకుంటుంది.

గొట్టంలా మూసి ఉండే చోట్ల, అంటే రన్నింగ్ బోర్డు లోపల, తలుపుల లోపల, చేయి పట్టదు కాబట్టి సన్న గొట్టం ఉన్న క్యావిటీ వ్యాక్స్ స్ప్రే కొట్టండి. ఇది వెల్డింగ్ అంతా పూర్తయ్యాకే, ఎందుకంటే ఆ మైనం అంటుకుంటుంది. కొట్టిన తర్వాత కింద నీళ్ళు కారే కన్నాలు మూసుకుపోలేదు కదా అని సన్న తీగతో పొడిచి చూడండి.

ఈ పని జనవరి, ఫిబ్రవరిలో పెట్టుకుంటే రంగు బాగా ఆరుతుంది. అక్టోబరు, నవంబరు వద్దు, తుఫాన్ల నెలలు. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న. విప్పిన కారుతో అలాంటి రోజుల్లో చిక్కుకుంటే రేకంతా మొదటికొస్తుంది.

కార్పెట్ వెంటనే పరవకండి. కనీసం రెండు పెద్ద వానలు పడేదాకా అడుగు రేకు అలాగే కనబడేలా ఉంచి, ప్రతి వాన తర్వాత అరచేయి పెట్టి తడిమి చూడండి. పొడిగా ఉంటే కొత్త ఫెల్టు వేసి పైన కార్పెట్ పరవండి, పాత ఫెల్టులో ఉప్పు ఉంటుంది, దాన్ని పారేయండి. తర్వాత ఏటా డిసెంబరులో ఒకసారి మ్యాట్లు ఎత్తి చూసుకోండి, బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చిన వారంలో అడుగు వైపు ఒకసారి మంచినీళ్ళు కొట్టండి, అద్దం కింద ఆకులు తీసేయండి.